స్పాంజి గదిలో మూడు దెబ్బలు

రోజు 1

శ్రవణ విద్యా మండలి వారి ఆజ్ఞ ఇది: శబ్దపాఠాలు మొదలుపెట్టే ప్రతి ఉపాధ్యాయురాలూ అరవై రోజులు దినచర్య రాయాలి. రోజుకు పది వాక్యాలకు తగ్గకూడదు. ఎవరైనా చదువుతారా అని, శిక్షణ ఇవ్వడానికి పట్నం నుంచి దిగివచ్చిన నిహాల్ సార్‌ను అడిగాను. "చదవరు మేడమ్, వాక్యాలు లెక్కపెడతారు," అన్నాడు పాపం, అబద్ధమాడటం ఇంకా నేర్చుకోలేదు. చాలా సంతోషం. అయితే నిజమే రాస్తాను.

నా పేరు భూలక్ష్మి. ఒకప్పటి బొగ్గు గని, ఇప్పుడు మా ఊరు అయిన ఏడో బాయిలో ఇరవై మూడేళ్ళుగా పంతులమ్మను. ఈ పొద్దున గాలి పంకా గుడ్డలు ఉతికే వంతు మా ఇంటిది. నల్లగా కారుతున్న చేతులతోనే శిక్షణకు వెళ్ళాను. మెట్ల దగ్గర బోర్డు మీద పైన ఎండ యాభై ఏడు డిగ్రీలు అని రాసి ఉంది, అంటే ఈ వారం కూడా ఎవరూ పైకి పోయేది లేదు. నిహాల్ సార్ దిగిన లిఫ్టు ఒక్కటే చల్లని లిఫ్టు, అది మండలి వారిది.

రేపటి నుంచి నా బడి గదికి తాళం. పిల్లలు పద్నాలుగు మంది ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని, చెవిగింజలు పెట్టుకుని నా గొంతు వినాలట. నా పాఠాలకు మూడుసార్లు తొంభై కన్నా తక్కువ మార్కులు వస్తే, పిల్లలను పట్నంలోని "ఆదర్శ గొంతు"కు అప్పగిస్తారు. పిల్లలను ఎక్కడా పోగుచేసి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పకూడదు. అది ఇప్పుడు నేరం. ఇరవై మూడేళ్ళు నేను చేసింది నేరమని తెలియక హాయిగా నిద్రపోయాను.

రోజు 2

రికార్డింగు గది చూపించారు. పాత దీపాల గది. గోడలకూ తలుపుకూ కప్పుకూ జానెడు మందం బూడిద రంగు స్పాంజి అంటించారు. లోపలికి అడుగు పెడితే చెవుల్లో దూది కుక్కినట్టు ఉంది.

మా పక్కింటి మొండయ్య కాక నాకు తోడుగా వచ్చాడు. డెబ్బై నాలుగేళ్ళు. బొగ్గు తీసిన కాలంలో ఆయన సర్దారు, అంటే కప్పును తట్టి చూసి, మనుషులు లోపలికి పోవచ్చో లేదో చెప్పేవాడు. బాయిలో ఇప్పటికీ ఏ గదిలోకి వెళ్ళినా పొన్నుకర్రతో, అంటే కొనకు ఇనుము తొడిగిన కర్రతో, కప్పు మీద మూడు దెబ్బలు కొట్టనిదే ఎవరూ కూర్చోరు. పెళ్ళివారైనా సరే, చావు పలకరింపుకు వచ్చినవారైనా సరే. కప్పు గట్టిగా ఉంటే ఖణ్‌మంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొబ్‌మంటుంది. డొబ్‌మన్న గదిలో ఆ పూట పొయ్యి వెలిగించరు.

మొండయ్య కాక కర్ర ఎత్తి కొట్టాడు. పరుపు మీద కొట్టినట్టు చప్పుడే లేదు. రెండోసారి కొట్టాడు. అదే తీరు.

"సారూ, గీ కప్పుకు నోరెందుకు మూసిన్రు?" అన్నాడు.

"ఎకో రాకుండా పెద్దాయనా. బయటి శబ్దం లోపలికి రాదు, లోపలి శబ్దం బయటికి పోదు."

"లోపలి మనిషి బయటికి పోతడా?"

నిహాల్ సార్ నవ్వాడు. కాక నవ్వలేదు. గడప దాటకుండా వెనక్కి తిరిగి నీళ్ళ లైనుకు వెళ్ళిపోయాడు.

ఇక శిక్షణ. మైకుకు బెత్తెడు దూరంలో, కాస్త పక్కకు తిరిగి మాట్లాడాలి, లేకపోతే ప, బ అన్నప్పుడల్లా గాలి కొడుతుంది. ఇది మంచి మాట, రాసుకున్నాను. ఒకే ఒక్క శ్రోత ఎదురుగా ఉన్నాడని ఊహించుకోవాలి. పద్నాలుగు మంది నిజంగా ఎదురుగా ఉంటే తాళం వేసి, ఇప్పుడు ఒక్కరిని ఊహించుకోవాలట! మాట్లాడుతూ చిరునవ్వు నవ్వాలి, వినేవాళ్ళకు అది తెలుస్తుందట. భిన్నాలు చెప్తూ నవ్వాను. నిహాల్ సార్ భయపడి, అంత అక్కర్లేదు మేడమ్ అన్నాడు.

రోజు 6

మొదటి పాఠం పూర్తయింది. దాన్ని "నిర్మల"కు పంపాలి. నిర్మల అంటే మనిషి కాదు, శబ్దాన్ని శుభ్రం చేసే యంత్రం. పిల్లలకు చేరే ముందు ప్రతి పాఠాన్నీ అది కడిగి, మార్కులు వేస్తుంది.

మార్కులు అరవై ఒకటి. కారణాలు: ఖాళీలు నలభై మూడు, దగ్గులు రెండు, ప్రాంతీయ ధ్వనులు నూట పద్దెనిమిది.

ఖాళీలు అంటే ఏమిటో విన్నాక అర్థమైంది. నేను ప్రశ్న అడిగి ఆగుతాను. ఇరవై మూడేళ్ళ అలవాటు. "సగంలో సగం ఎంత?" అని అడిగి, పిల్లలు వేళ్ళు మడిచి ఆలోచించే దాకా ఆగుతాను. నేను ఆగిన చోట్లన్నీ నిర్మల కోసేసింది. ఇప్పుడు వింటే, సగంలో సగం ఎంత పావు మరి పావులో సగం ఎంత అరపావు శభాష్ అని నాకు నేనే గుక్కతిప్పుకోకుండా అడిగి, చెప్పి, మెచ్చుకుంటున్నాను.

నీళ్ళ లైనులో స్వరూప కనిపించింది. పదకొండేళ్ళ పిల్ల, నా క్లాసులో అందరికన్నా నిదానం. ఒక ప్రశ్నకు జవాబు చెప్పడానికి దానికి చెంబు నిండేంతసేపు పడుతుంది, కానీ చెప్పిందంటే తప్పు కాదు.

"టీచరమ్మా, మిమ్ముల ఎవలన్న తరుముతున్నరా?" అని అడిగింది.

"లేదే, ఎందుకు?"

"గట్లనే ఉరుకుతున్నరు. నేను లెక్క చేసేలోపట మీరే చెప్పి, మీరే శభాష్ అంటున్నరు. గా శభాష్ నాది గద?"

దాని బిందె నేను పట్టుకున్నాను.

రోజు 11

రెండో పాఠం: డెబ్బై ఎనిమిది. ఇంకొక్కసారి తగ్గితే పిల్లలు పోతారు. రెండు రోజులు కూర్చుని నా మాటలోంచి నన్ను ఏరేసుకున్నాను. "ఇట్ల" తీసి "ఈ విధంగా" పెట్టాను. ఆగడం మానేశాను. అడగడమే మానేశాను. మూడో పాఠానికి తొంభై మూడు వచ్చాయి. మా అక్క విని, ఈ పాఠం చెప్పినామె ఎవరు, ఎంత బాగా మాట్లాడుతోంది అంది. ఒళ్ళు మండిపోయింది.

రోజు 17

ఇక అసలైన పాఠం వచ్చింది. కప్పు పాఠం.

అరవయ్యో రోజున నా పద్నాలుగు మంది పిల్లలు కప్పు పరీక్ష రాస్తారు. పాసైనవాళ్ళకు సొంత పొన్నుకర్ర ఇస్తారు. ఆ మర్నాడే వాళ్ళ కుటుంబాలన్నీ కొత్తగా తవ్విన పదకొండో గల్లీకి మారతాయి. కొత్త గల్లీ అంటే కప్పు ఇంకా సర్దుకోని గల్లీ. అమ్మానాన్నలు పంకాల మీద, నీళ్ళ పంపుల మీద పనికి పోతే ఇంట్లో ఉండేది పిల్లలే. ఖణ్‌కూ డొబ్‌కూ తేడా తెలియని పిల్ల అక్కడ ఒంటరిగా ఉండకూడదు. ఈ ఒక్క పాఠం తప్పితే నా భిన్నాలన్నీ దండగ.

మామూలుగా అయితే పిల్లలను వెంటబెట్టుకుని గల్లీ గల్లీ తిప్పి తట్టించేదాన్ని. అది నేరం కాబట్టి నేనూ మొండయ్య కాకా చేతి రికార్డరు పట్టుకుని బయలుదేరాము. గలగలమనకుండా గాజులకు తువ్వాలు చుట్టుకున్నాను. పంకా ఆగే ఘడియ చూసుకున్నాము. రికార్డరును కప్పుకు మూరెడు దూరంలో పట్టుకుంటే దెబ్బ చప్పుడు పగిలింది. రెండు మూరల దూరం జరిగితే కుదిరింది. మూడో గల్లీలో గట్టి కప్పు, పాత గుర్రపు సాల దగ్గర డొల్ల కప్పు. ఒక్కోచోట తొమ్మిది దెబ్బలు. ఇంటికొచ్చి వింటే, కళ్ళు మూసుకుని ఉన్నా కప్పు కనిపించింది.

"గిది మంచిగ పడ్డది బిడ్డా," అన్నాడు కాక. "మా ఉస్తాదు గూడ ఇంత సాఫుగ చెప్పలే."

రోజు 18

నిర్మల కడిగి పంపింది. మార్కులు తొంభై ఏడు! నిహాల్ సార్ పరుగెత్తుకొచ్చి అభినందనలు చెప్పాడు.

విన్నాను. "ఇది గట్టి కప్పు" అంటుంది నా గొంతు. ఖణ్. "ఇది డొల్ల కప్పు" అంటుంది. ఖణ్.

మళ్ళీ విన్నాను. ఖణ్. ఖణ్. డొబ్‌మన్న తొమ్మిది దెబ్బలనూ అది మరమ్మతు చేసి, తొమ్మిది మంచి దెబ్బలు చేసింది. మెరుగులు దిద్దిన చావు చప్పుడు.

"సార్, ఇవి రెండూ ఒక్కటే అయిపోయాయి," అన్నాను.

"అవును మేడమ్, కన్సిస్టెంట్‌గా ఉంది. అందుకే తొంభై ఏడు."

రోజు 24

మండలికి మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ ఒకటే జవాబు: "రెండవ శబ్దము నాణ్యతాలోపముతో ఉన్నందున మెరుగుపరచబడినది. శ్రోతల సంతృప్తి అయిదింట నాలుగు పాయింట్ ఎనిమిది." కింద ఇంకో శుభవార్త కూడా ఉంది. నా కప్పు పాఠం అంత బాగా వచ్చినందుకు నలభై బాయిల్లో పిల్లలందరికీ దాన్నే పంపారట.

నలభై బాయిలు. నా గొంతుతో. ఆ ఉత్తరం పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఏడిస్తే ముక్కు మూసుకుపోయి మర్నాటి పాఠానికి మార్కులు తగ్గుతాయని గుర్తొచ్చి, దానికి ఇంకా కోపం వచ్చి మళ్ళీ ఏడ్చాను.

రోజు 26

నీళ్ళ లైనులో స్వరూపను పక్కకు పిలిచి అడిగాను. "గట్టి కప్పు ఎట్ల అంటది?"

"ఖణ్ అంటది."

"డొల్లది?"

అలవాటుగా ఆలోచించింది. చెంబు నిండింది. "గది గూడ ఖణ్ అంటది. రెండు ఒక్కటే గద టీచరమ్మా? మీరే చెప్పిన్రు."

ఇన్నేళ్ళలో ఆ పిల్ల చెప్పిన మొదటి తప్పు జవాబు. అది నాది.

రోజు 29

శిక్షణ కాగితాలు మొదటి నుంచి చివరి దాకా చదివాను. బహుశా ఈ లోకంలో వాటిని చదివినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. పన్నెండో పేజీలో దొరికింది: "ప్రతి పాఠమునకు ముందు ఏడు సెకన్ల సంకేత సంగీతము తప్పనిసరి. ఇది కళాసృష్టి గనుక నిర్మల దీనిని తాకదు." ఇన్నాళ్ళూ మండలి వారి వేణువు ముక్కనే వాడుతున్నాను.

ఈరోజు నేను కూడా కళాకారిణిని అయ్యాను. ఖణ్, ఖణ్, ఖణ్. చిన్న ఆగుడు. డొబ్, డొబ్, డొబ్. సరిగ్గా ఏడు సెకన్లు. ఫారంలో సంగీత దర్శకుడి పేరు అడిగారు. మొండయ్య అని రాశాను. వాద్యం అన్నచోట "కప్పు" అని రాశాను.

మూడు సగాలు, రెండు పావులు చెప్పే పాఠం ముందు అదే. చెట్లు గాలిని ఎట్లా తయారుచేస్తాయో చెప్పే పాఠం ముందు అదే. సంధుల పాఠం ముందు కూడా అదే.

రోజు 41

నీళ్ళ లైనులో పిల్లలు బిందెల మీద వాయిస్తున్నారు. ఖాళీ బిందె ఒకటి, నిండు బిందె ఒకటి. మూడు అట్లా, మూడు ఇట్లా. ఖణ్ వస్తే నిలబడటం, డొబ్ వస్తే నోరెత్తకుండా వరుసగా నడిచి లైను బయటకు పోవడం. ఈ ఆట ఎవరు నేర్పారని నన్ను అడగవద్దు. నీళ్ళు పట్టుకుంటూ ఒక ముసలామె పిల్లలతో ఏదో అంది, అంతే. ఆ ముసలామె పేరు కూడా భూలక్ష్మే.

మండలి నుంచి ప్రశంస వచ్చింది: మీ సంకేత సంగీతంలో జానపద లయ హృద్యంగా ఉన్నది. మిగతా ముప్ఫై తొమ్మిది బాయిలకూ మీ పాఠాలే పంపుతున్నాము. కాక ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకుని, "హృద్యంగ అంటే మంచిదేనా బిడ్డా?" అని అడిగాడు.

రోజు 50

మండలి సంచాలకులు పరాశర్ గారు యాభై ఎనిమిదో రోజున స్వయంగా దిగివస్తారట. నా యాభయ్యో పాఠాన్ని పిల్లల సమక్షంలో రికార్డు చేస్తారు. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పడం నేరం కదా అన్నాను. సంచాలకులు ఎదురుగా కూర్చుంటే అది ఉత్సవం మేడమ్ అన్నాడు నిహాల్ సార్.

నాకు ఆ గదిలోకి పిల్లలను తీసుకెళ్ళడం ఇష్టం లేదు. రెండు నెలలుగా ఆ కప్పును ఎవరూ తట్టలేదు. చెమ్మకు స్పాంజి బరువెక్కి అక్కడక్కడ కుంగింది. ఒక్క ముక్క ఊడదీసి తట్టనివ్వండి సార్ అని బతిమాలాను.

"ఒక్క ముక్క తీసినా ఎకో వస్తుంది. నిర్మల ఒప్పుకోదు."

"నిర్మల లోపల కూర్చోదు కద సార్, మేమే కూర్చుంటాము."

అతను తలవంచుకుని ఫారం నింపాడు. చెడ్డవాడు కాదు. ఫారానికి భయపడతాడు, అంతే.

రోజు 58

జరిగింది జరిగినట్టు రాస్తాను. వాక్యాలు ఎన్నయినా కానివ్వండి.

తలుపు బయటే నిహాల్ సార్, పిల్లలు ఇళ్ళ నుంచి తెచ్చుకున్న పెద్దల కర్రలతో సహా అందరి కర్రలూ తీసుకుని మూల పెట్టాడు, చప్పుడవుతుందని. పద్నాలుగు మంది పిల్లలు, నేను, నిహాల్ సార్, పరాశర్ గారు లోపలికి వెళ్ళాము. కాక గడప అవతలే నిలబడ్డాడు. కూర్చోమంటే పిల్లలు కూర్చోలేదు. పరాశర్ గారు వీరికి మర్యాద బాగా నేర్పారని మెచ్చుకున్నారు. మర్యాద కాదు, కప్పు మీద దెబ్బ పడలేదని వాళ్ళు నిలబడి ఉన్నారు.

ఆయన మైకు ముందు నిలబడి మొదలుపెట్టారు. "ప్రియమైన బాలలారా, ఈ గది చూడండి. ఇక్కడ చీమ చిటుక్కుమన్నా వినబడదు. ఇంత భద్రమైన, ఇంత ప్రశాంతమైన..."

వెనక మూలన చెమ్మకు అంటు వదిలి కప్పు నుంచి స్పాంజి ముక్క ఒకటి జారి పడింది. చాపంత నల్లని రాయి బయటపడింది. స్వరూప దానివైపు చూసింది. కర్ర కోసం తడుముకుంది, లేదు. నిదానంగా ముందుకు నడిచివచ్చి, సంచాలకుల మూతి ముందున్న మైకు కడ్డీని మైకుతో సహా ఎత్తుకుని వెనక్కి పోయింది. అది కడ్డీని తిరగేసి, ఇనుప అడుగుభాగంతో రాతి మీద మూడు కొట్టింది.

డొబ్. డొబ్. డొబ్.

ఆ తరువాత చెవికొసన ఏదో చిటచిటమంది. స్వరూప ఈసారి ఆలోచించడానికి చెంబు నిండేంతసేపు తీసుకోలేదు.

"రెండో సగం," అంది. "మొండయ్య తాత పాటల రెండో సగం."

పద్నాలుగు మందీ నోరెత్తలేదు. నీళ్ళ లైనులో ఆడినట్టే వరుస కట్టి తలుపు వైపు నడిచారు. "కూర్చోండి! రికార్డింగ్ పాడవుతోంది!" అని పరాశర్ గారు అరిచారు. నేను పిల్లలను లెక్కపెడుతూ చివరన నిలబడ్డాను. పన్నెండు, పదమూడు, కడ్డీ పట్టుకున్న స్వరూప పద్నాలుగు. నిహాల్ సార్ అటు సంచాలకులను, ఇటు పిల్లలను చూస్తూ గది మధ్యన కొయ్యబారిపోయాడు. చొక్కా పట్టుకుని ఈడ్చాను. "సారూ, ఫారం తరువాత నింపుదువు, నడువ్!" అని సార్ ముందు నా నోట మొదటిసారి నా సొంత భాష వచ్చింది. అతను పోతూ పోతూ పరాశర్ గారి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

గడప దాటి ఇరవై అడుగులు వేసి ఉంటాము. కప్పు కూలింది. దుమ్ము మా వీపుల మీదుగా పోయింది. జానెడు స్పాంజి అంటించిన తలుపు కూడా చప్పుడు లేకుండా మెత్తగా పగిలింది. దీపాల గది లేదు.

కాక పిల్లలను ఒక్కొక్కరినీ తల మీద తట్టి లెక్కపెట్టాడు. తరువాత నన్ను కూడా తట్టాడు.

"ఖణ్," అన్నాడు. గట్టిగా ఏడ్చేశాను.

రోజు 59

మైకు ఆగలేదు. స్వరూప చేతిలో బయటకు వచ్చి, మొత్తం పట్టింది. నియమం ప్రకారం అది తనంతట తానే నిర్మలకు చేరింది.

యాభయ్యో పాఠం, మార్కులు నూరు. ఇప్పటిదాకా నలభై బాయిల్లో ఎవరికీ రాలేదట. తొలగించిన పక్క శబ్దం రెండు నిమిషాల పదకొండు సెకన్లు. విన్నాను. "ఇంత భద్రమైన, ఇంత ప్రశాంతమైన" అని పరాశర్ గారి గొంతు, ఆ వెంటనే చప్పట్లు. చప్పట్లు నిర్మల సొంతంగా కలిపింది.

స్వరూప మాట లేదు. మూడు దెబ్బలు లేవు. కూలిన చప్పుడు లేదు. పాఠం సాయంత్రానికల్లా అన్ని బాయిలకూ చేరింది. పరాశర్ గారు చల్లని లిఫ్టులో పైకి పోతూ, పదకొండో గల్లీలో కొత్త రికార్డింగు గదికి ఉత్తర్వు ఇచ్చారు. ఈసారి స్పాంజి రెండు జానలు.

నిహాల్ సార్ మాత్రం పైకి పోలేదు. పొద్దున్నే మా ఇంటికొచ్చి, గడపలో నిలబడి, అడగకుండానే నా కర్ర తీసుకుని కప్పు మీద మూడు కొట్టి, అప్పుడు కూర్చున్నాడు. కడగని అసలు రికార్డింగు నా చేతిలో పెట్టాడు. "చెరిపెయ్యమన్నారు మేడమ్. చెరిపేశానని ఫారంలో రాశాను," అన్నాడు. అబద్ధమాడటం నేర్చుకున్నాడు.

రోజు 60

నా సంకేత సంగీతాన్ని ఇవాళ మార్చాను. పాతదానికి చివర ఒక గొంతు చేర్చాను. ఖణ్ మూడు, డొబ్ మూడు, ఆపైన "రెండో సగం" అనే స్వరూప మాట. ఏడు సెకన్లలో ఇమిడింది. కళాసృష్టి కాబట్టి ఎవరూ తాకరు. రేపటి నుంచి నలభై బాయిలూ వింటాయి. అర్థం అడిగితే చెప్పడానికి ఏ బాయిలోనైనా ఒక ముసలి సర్దారు ఉండకపోడు.

కప్పు పరీక్ష జరిగింది. పద్నాలుగు మందీ పాసయ్యారు. కొత్త గల్లీలో స్పాంజి మోసుకొచ్చిన కూలీలను పిల్లలే ఆపి, ముందు తట్టనివ్వండి అని అడ్డం నిలబడ్డారట. ఆ గొడవ ఇంకా తేలలేదు.

పరీక్ష పాసైనవాళ్ళకు కర్రలు పంచుతుంటే ఒకటి తక్కువైంది. మొండయ్య కాక మైకు కడ్డీ తీసుకుని, దాని వంకర సరిచేసి, కొనకు ఇనుప పొన్ను తొడిగి స్వరూప చేతికిచ్చాడు. అది కప్పు మీద మూడు కొట్టి, చెంబు నిండేంతసేపు విని, కూర్చోండి అంది. కూర్చున్నాము.

పోయిన సామాను జాబితా ఇవాళే మండలికి పంపాలట. గది: పోయింది. స్పాంజి: పోయింది. మైకు కడ్డీ: వాడుకలో ఉంది.